రాయి మీద రాయి: త్రుల్లో అనే ఇల్లు

ఇటలీ ఆగ్నేయ కొసన పులియా అనే ప్రాంతం ఉంది. దాని ముఖ్యపట్టణం బారి నుంచి దక్షిణంగా లోపలికి వెళ్తే ముర్జె అనే సున్నపురాతి పీఠభూమి వస్తుంది. ఆ పీఠభూమి మీద, ఇట్రియా లోయ చుట్టుపక్కల, శంకువు ఆకారపు రాతి కప్పులున్న ఇళ్లు వేల సంఖ్యలో కనిపిస్తాయి. ఒక్కో ఇంటిని త్రుల్లో అంటారు. బహువచనం త్రుల్లి. అల్బెరోబెల్లో అనే చిన్న ఊళ్లో ఇవి పేటలకు పేటలే ఉన్నాయి. రియోనే మోంతి అనే పేటలో 1,030, ఆయా పిక్కోలా అనే పేటలో 590. యునెస్కో 1996లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

తెల్లటి గోడలు, బూడిదరంగు కప్పులు, కొసన ఒక రాతి గుండు. ఫొటోలో చాలా ముద్దుగా ఉంటాయి. ఆ ముద్దుదనమే వీటికి కాస్త అన్యాయం చేసిందనుకుంటాను. వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని ముందుకు సాగిపోతారు తప్ప, ఆ కప్పు ఎందుకు కూలడం లేదని అడగరు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఎందుకంటే ఆ కప్పులో దూలం లేదు, ఇనుము లేదు, రాయికీ రాయికీ మధ్య అడుసు లేదు. కట్టేటప్పుడు కింద సెంట్రింగ్ కూడా పెట్టలేదు. ఉన్నది రాయి, దాని బరువు, ఆ బరువు ఎటు పోతుందో తెలిసిన మేస్త్రి. ఆ మేస్త్రిని అక్కడ త్రుల్లారో అంటారు.

ముందు రాయి సంగతి చూద్దాం. ముర్జె అంతా ఒకప్పటి సముద్రపు అడుగు. క్రెటేషియస్ కాలంలో పేరుకున్న సున్నపురాయి. దాని మీద ఎర్రమట్టి పలచగా పరుచుకుని ఉంటుంది. నాగలి దింపితే రాయి తగులుతుంది. అందుకని అక్కడ రైతు సేద్యానికి ముందు రాళ్లు ఏరాలి. ఏరినవాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి పొలానికి గోడ కడతాడు. గోడకు పోను మిగిలితే ఇల్లు కడతాడు. ఈ రాయికి పొరలుగా చీలే గుణం ఉంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు చూసినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అదీ సున్నపురాయే, అదీ పలకలుగానే లేస్తుంది. ముర్జెలో దొడ్డు పొరల్లో దొరికిన రాయి గోడలకు, పలచని పొరల్లో లేచిన పలక కప్పుకు వెళ్తుంది. ఇంటికి కావలసిన సామగ్రి అంతా పొలంలోంచే వస్తుంది, అదీ అడ్డు తీసేయాల్సిన చెత్తగా.

త్రుల్లోకి వేరే పునాది ఉండదు. పైమట్టి తీసేస్తే తగిలే రాతి నేలే పునాది. తవ్వకం అంటూ జరిగితే అది నీటి సంపు కోసమే. నేలను తొలిచి సంపు తీస్తే అందులోంచి వచ్చిన రాయి గోడల్లోకి ఎక్కుతుంది. గుంత కింద మిగిలిపోతుంది, దాని తాలూకు రాయి పైన ఇల్లవుతుంది. నీళ్ల కథ మళ్లీ వస్తుంది కాబట్టి ఈ గుంతను గుర్తుపెట్టుకోండి.

గోడ ఒకటిగా కనిపిస్తుంది కానీ నిజానికి రెండు. బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి. మధ్యలో కంకర, రాతి పెచ్చులు కూరి ఉంటాయి. మందం తక్కువలో తక్కువ 80 సెంటీమీటర్లు. కొన్ని ఇళ్లలో అది రెండు మీటర్లు దాటిపోతుంది. ఎత్తు మాత్రం, కప్పు మొదలయ్యే చోటికి, రెండు మీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది. మనిషి ఎత్తు గోడకు అంత మందం ఎందుకంటే పైనున్నది రాతి శంకువు. అది కిందికి నొక్కడమే కాదు, తన అడుగును బయటికి నెడుతుంది. ఆ నెట్టుడుకు ఎదురు నిలిచేది గోడ బరువే.

అడుసు లేకుండా గోడ నిలవాలంటే కొన్ని నియమాలు తప్పవు. ప్రతి రాయీ కింది వరసలోని రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి. అతుకు మీద అతుకు పడితే అక్కడ గోడ నిట్టనిలువునా చీలుతుంది. రాయి నిడివి గోడ పొడవు వెంట కాకుండా గోడ లోపలికి వెళ్లాలి. బయట నుంచి చూసేవాడికి రాయి చిన్న ముఖమే కనిపించాలి, పెద్ద ఒళ్లు గోడలో దాగి ఉండాలి. అక్కడక్కడా ఒక పొడుగు రాయిని మందానికి అడ్డంగా వేసి రెండు ముఖాలనూ కలిపి పట్టించాలి. రాయి కదిలితే వెనకవైపు నుంచి పెచ్చు దూర్చి బిగించాలి. ముందు నుంచి దూర్చిన పెచ్చు కొన్నాళ్లకి జారి పడిపోతుంది. చివరిగా, గోడ పైకి పోయేకొద్దీ బయటి ముఖం కొద్దిగా లోపలికి వాలాలి, నూటికి మూడు నుంచి అయిదు వంతులు. కంటికి తెలియనంత వాలు, కానీ గోడ మొగ్గంతా ఇంటివైపే ఉంటుంది.

ఇక్కడిదాకా ఇది మంచి గోడ కట్టడం తెలిసిన ఏ ఊరి మేస్త్రి అయినా చేయగల పని. త్రుల్లారో పనితనం గోడ పూర్తయ్యాక మొదలవుతుంది.

గది నాలుగు పలకలు, కప్పు గుండ్రం. చతురస్రం మీద వృత్తాన్ని ఎలా కూర్చోబెట్టాలి? ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా కట్టినవాళ్లకీ ఎదురైన చిక్కే ఇది. ఇక్కడ రైతు ఇంటి స్థాయిలో దాన్ని విప్పారు. గోడ పైవరసలకు వచ్చేసరికి నాలుగు మూలల్లోనూ రాళ్లను ఏటవాలుగా, మూలను కోస్తున్నట్టు వేస్తారు. తర్వాతి వరసలో ఆ రాళ్లు ఇంకొంచెం ముందుకు వస్తాయి. మూల నెమ్మదిగా నిండుతుంది. కొన్ని వరసల్లో చతురస్రం పలకలు పోయి గుండ్రబడుతుంది. లోపల నిలబడి తలెత్తితే మూలలు ఎక్కడ మాయమయ్యాయో గీత గీసి చూపించడం కష్టం.

అక్కడి నుంచి లోపలి శంకువు లేస్తుంది. దీన్ని కాందెలా అంటారు. ఇది వలయం మీద వలయంగా పెరుగుతుంది. ప్రతి వలయం తన కింది వలయం కంటే కాస్త చిన్నది, అంటే ప్రతి రాయి లోపలి కొస కింది రాయిని దాటి గాల్లోకి కొద్దిగా పొడుచుకొస్తుంది. గాల్లోకి వచ్చిన రాయి లోపలికి తిరగబడి పడిపోవాలి. రెండు కారణాల వల్ల పడదు. మొదటిది, రాయిలో ఎక్కువ భాగం వెనక, కింది వరస మీదే ఉంటుంది. ఆ వెనక భాగం మీద పైవరసా, దాని వెనక కూరిన రాళ్లూ కూర్చుని తొక్కిపెడతాయి. రెండోది ఇంకా సొగసైన కారణం. ప్రతి రాయినీ లోపలి కొస సన్నంగా, బయటి కొస వెడల్పుగా ఉండేలా చెక్కుతారు. అలాంటి రాళ్లను వలయంగా పేర్చాక ఏ ఒక్కటీ లోపలికి జారలేదు. జారాలంటే తన వెడల్పాటి వెనక భాగం రెండు పక్క రాళ్ల మధ్య నుంచి దూరాలి. దూరడానికి సందు లేదు. రాళ్లన్నీ లోపలికే పడబోతాయి, ఆ పడబోవడం వల్లే ఒకదాన్నొకటి బిగించుకుంటాయి.

మామూలు తోరణానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. తోరణంలో నడిమి రాయి పడేదాకా మిగతావేవీ సొంతంగా నిలబడవు. అందుకే కింద కర్ర చట్రం కావాలి. త్రుల్లో కప్పులో ఒక వలయం మూసుకుందంటే ఆ క్షణం నుంచి అది తన కాళ్ల మీద నిలబడ్డట్టే. మేస్త్రి సాయంత్రం పని ఆపి ఇంటికి వెళ్లిపోవచ్చు. మర్నాడు అదే వలయం మీద ఇంకోటి మొదలుపెట్టొచ్చు. అడవి తరిగిపోయిన నేల మీద, సెంట్రింగ్‌కి కర్ర అక్కర్లేని కప్పు ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

కప్పు అంత నిటారుగా ఎందుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రతి వలయంలోనూ రాయి కొద్దిగానే ముందుకు రాగలదు. ఎక్కువ వస్తే వెనక బరువు చాలదు. కొద్దికొద్దిగానే సన్నబడాలంటే ఎత్తుకి పోవాలి. శంకువు అందం కోసం ఎంచుకున్న ఆకారం కాదు, ఆ రాయి అలా పేరిస్తే వచ్చేది అదే. గది వెడల్పు కొన్ని మీటర్లు దాటకపోవడానికీ కారణం అదే.

చివరన మిగిలిన చిన్న రంధ్రాన్ని ఒక పలకతో మూస్తారు. ఈ రాయి గురించి ఒక కథ చెబుతారు: దాన్ని లాగితే చాలు, ఇల్లంతా క్షణంలో కూలిపోతుందని. వినడానికి బావుంటుంది. కానీ పైన చెప్పుకున్నది అర్థమైతే అలా జరగదని మీకే తెలుస్తుంది. మూత తీస్తే కింది వలయానికి నష్టమేమీ లేదు, వర్షం లోపలికి వస్తుందంతే. త్రుల్లోని విప్పాలంటే కట్టిన వరసకు ఎదురుగా, పై నుంచి కిందికి, వలయం వలయంగా విప్పాలి. సుళువే, కానీ మంత్రం కాదు.

లోపలి శంకువు బరువు మోస్తుంది, నీళ్లను మాత్రం ఆపలేదు. ఆ పని ఇంకో చర్మానిది. కాందెలా చుట్టూ రాతి పెచ్చులు కూరి, వాటి మీద పలచని సున్నపురాతి పలకలను వరసలుగా పేరుస్తారు. వీటి పేరు క్యాంకరెల్లె. ఒక్కోటి కొద్ది సెంటీమీటర్ల మందం. ప్రతి పలకా బయటివైపుకి రవ్వంత వాలి ఉంటుంది, పై పలక కింది పలక అతుకును కప్పుతుంది. చినుకు పై పలక మీద పడి, కొసకు జారి, కింది పలక మీద పడి, అలా మెట్లు దిగినట్టు దిగిపోతుంది. లోపలికి పోవాలంటే ఎగువకు పాకాలి, నీళ్లు ఆ పని చేయవు. బయట నుంచి మనకు కనిపించేవి ఈ పలకల అంచులే. పలకలో ఎక్కువ భాగం లోపలే ఉండిపోయింది.

ఈ రెండు పొరల పని విభజన నాకు ఈ కట్టడం మొత్తంలో అన్నిటికన్నా తెలివైన సంగతిగా తోస్తుంది. ఒకే రాయిని బరువూ మోయమని, వాననూ ఆపమని అడగలేదు. దేనికి దానికే. బయటి పలక పగిలితే దాన్ని తీసి ఇంకోటి పెట్టొచ్చు, లోపలి గోపురానికి ఆ విషయమే తెలియదు. అడుసు లేకపోవడం పేదరికం వల్ల వచ్చిందే కావచ్చు కానీ, మరమ్మతుకి అదే వరమైంది. పట్టుకుని ఉండేది ఏమీ లేదు కాబట్టి పగలగొట్టకుండానే విప్పొచ్చు.

కొసన పినాకోలో నిలుస్తుంది: ఒక దిమ్మె, దాని మీద గిన్నె ఆకారం, దాని మీద గుండు. కొన్నిచోట్ల చక్రం, కొన్నిచోట్ల పలకల రాయి. దృష్టి దోషం తగలకుండా అని కొందరంటారు, కట్టిన మేస్త్రి సంతకం అని కొందరంటారు. కప్పుల మీద సున్నంతో శిలువ, హృదయం, చంద్రవంక వంటి గుర్తులు కూడా వేస్తారు. వాటి అర్థాల గురించి బోలెడు పుస్తకాలున్నాయి. నా ఆసక్తి అంతా ఆ కప్పు మీదకి ఎక్కడానికి బయట నుంచి కట్టిన సన్నటి రాతిమెట్ల మీద. కప్పు కట్టినవాడు దాన్ని ఎవరో ఒకరు ఏదో ఒకరోజు బాగుచేయాలని ముందే అనుకున్నాడు.

ఇప్పుడు నీళ్లు. ముర్జె మీద వాన పడితే రాతి పగుళ్లలోంచి నేరుగా భూమిలోకి ఇంకిపోతుంది. నది లేదు, వాగు లేదు. పులియాకి ఆపెన్నైన్ కొండల అవతల నుంచి నీళ్లు తెచ్చే పెద్ద కాలువ పని 1906లో మొదలైంది, 1915లో గానీ ఆ నీళ్లు బారికి చేరలేదు. అప్పటిదాకా కప్పు మీద పడిన నీళ్లే తాగునీళ్లు. అందుకని శంకువు అడుగున చూరు రాయి బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని మీదకి దిగిన నీటిని సన్నటి రాతి కాలువ పట్టి, ఇంటి కిందనున్న సంపులోకి పంపుతుంది. రెండు శంకువులు ఆనుకున్న చోట ఏర్పడే లోయ కూడా కాలువే. మొదట్లో తవ్విన గుంత ఇందుకు. కప్పు ఇంటిని కాపాడుతూనే ఊరికి లేని నదిని కూడబెడుతుంది.

లోపలికి వెళ్దాం. ఒక శంకువు అంటే ఒక గది. ఇంట్లో మనుషులు పెరిగితే పక్కన ఇంకో గది, దాని మీద ఇంకో శంకువు. నడుమ పెద్ద గది, దాని గోడల్లోంచి తొలిచినట్టు చిన్న చిన్న అరలు. వాటిలో ఒకదాంట్లో మంచం, ఒకదాంట్లో పొయ్యి. అడ్డంగా ఒక తెర. గోడ అంత మందంగా ఉంది కాబట్టి దాన్నే అలమరాగా వాడుకున్నారు. ఎక్కడపడితే అక్కడ గూళ్లు. శంకువు మొదలయ్యే ఎత్తున చెక్కలు పరిచి అటక చేస్తారు. గోపురం కడుపంతా ధాన్యానికీ సరుకులకీ పనికొస్తుంది. కిటికీలు చిన్నవి, ఒకటో రెండో. వేసవిలో లోపల చల్లగా ఉంటుంది. చలికాలంలో మాత్రం అంత రాతిని వెచ్చబెట్టడం కష్టం, తేమ ఓ పట్టాన వదలదు. త్రుల్లోలో అద్దెకు దిగే పర్యాటకులకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

ఇక పేరు. త్రుల్లో అనేది మధ్యయుగపు గ్రీకు మాట త్రూల్లోస్ నుంచి వచ్చిందంటారు. దాని అర్థం గోపురం. ఈ మాటకు చరిత్రలో ఒక ఘనమైన చోటుంది. 692లో కాన్‌స్టాంటినోపుల్ రాజప్రాసాదంలో, గోపురమున్న సభామందిరంలో చర్చి పెద్దల సభ జరిగింది. ఆ మందిరాన్ని బట్టి ఆ సభకు త్రుల్లో సభ అనే పేరు స్థిరపడిపోయింది. చక్రవర్తి గోపురానికి ఉన్న మాట పులియా రైతు గుడిసెకి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1071లో నార్మన్లు బారిని పట్టుకునేదాకా అది బైజాంటియం పాలనలోనే ఉంది. ఇంకా దక్షిణాన సాలెంతోలో గ్రీకో అనే గ్రీకు మాండలికం మాట్లాడే పల్లెలు నేటికీ ఉన్నాయి. గ్రీకు మాటకు వెనక లాటిన్ త్రుల్లా ఉందని పండితులు చెబుతారు. త్రుల్లా అంటే గరిటె. మేస్త్రి చేతిలోని తాపీకి కూడా లాటిన్‌లో అదే పేరు. తాపీ పని అక్కర్లేని ఇంటికి తాపీతో చుట్టరికమున్న పేరు రావడం తమాషాయే.

అయితే అల్బెరోబెల్లోవాళ్లు ఆ ఇంటిని త్రుల్లో అనేవాళ్లు కాదు. వాళ్ల మాట కసెద్ద. ఇది ఇటాలియన్ కసెల్లాకి అక్కడి యాస. రెండు ‘ల’లు ఆ యాసలో రెండు ‘ద’లవుతాయి. కసెల్లా అంటే చిన్న కాసా, చిన్న ఇల్లు. కాసా కథ కూడా వినదగ్గదే. లాటిన్‌లో అది గుడిసెకు పేరు. రోమ్‌లో పలటైన్ కొండ మీద రోములుస్ గుడిసె అని చూపించేవారు, దాన్ని కాసా అనే అన్నారు. పెద్దవాళ్ల ఇల్లు దోముస్. కాలం గడిచేసరికి ఇటాలియన్‌లో గుడిసె మాటే అందరి ఇంటికీ పేరైంది. దోముస్ దుయోమోగా మారి ఊరి పెద్ద చర్చికి వెళ్లిపోయింది. కసెల్లా ఇంకా చిన్నదైపోయి ఇవాళ ఉత్తరాల పెట్టెకీ, చదరంగపు గడికీ, ఈమెయిల్ పెట్టెకీ సరిపెట్టుకుంటోంది. పైనుంచి చూసినవాళ్లు గోపురమన్నారు, లోపల బతికినవాళ్లు చిన్నిల్లన్నారు. పటాల్లోనూ పుస్తకాల్లోనూ మొదటిదే నెగ్గింది.

అడుసు ఎందుకు వాడలేదన్నదానికి అల్బెరోబెల్లోలో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. నేపుల్స్ రాజ్యంలో రాజు అనుమతి లేకుండా ప్రభువులెవరూ కొత్త ఊరు కట్టకూడదు, కడితే పన్ను చెల్లించాలి. ఆ నేల కొన్వెర్సానో ప్రభువులైన అక్వావీవా వంశం చేతిలో ఉండేది. 1600లలో అక్కడ రైతులను దింపిన జాన్‌జిరోలామో, ఇళ్లు అడుసు లేకుండానే కట్టుకోమన్నాడట. తనిఖీ వస్తే విప్పేసి, ఇక్కడ ఊరే లేదు, రాళ్లగుట్టలే అనొచ్చు కదా. 1797 మే 27న నాలుగో ఫెర్దినాండ్ రాజు ఈ ఊరిని ప్రభువుల చేతిలోంచి తప్పించి రాజ్యపట్టణం చేశాడు. ఆ వెంటనే, మొదటిసారిగా అడుసు పెట్టి ఒక ఇల్లు కట్టారు. దాని పేరు కాసా దామోరె. ప్రేమ ఇల్లని పొరబడేరు, అది ఊరికి మొదటి మేయరైన దామోరె ఇంటిపేరు.

ఆ కథలో నిజం ఉండొచ్చు, పాలకుల భయం గట్టిదే. కానీ పనితనానికి అది మూలం కాలేదు. లోకోరోతొందో, చిస్తెర్నీనో, మార్తీనా ఫ్రాంకా చుట్టూ పొలాల్లో, పన్నుతో సంబంధం లేని చోట్ల కూడా ఇవే శంకువులున్నాయి. గొర్రెల పాకలుగా, పనిముట్లు పెట్టుకునే కొట్లుగా ఉన్నాయి. ఏ ప్రభువూ వాటిని విప్పమని ఆజ్ఞ ఇవ్వలేదు. ఏరిన రాయి ఉంది, కర్ర లేదు, సున్నం కాల్చాలంటే మళ్లీ కర్రే కావాలి. నేర్చుకున్న చేతులున్నాయి. ప్రభువు కొత్తగా చేసింది ఏమైనా ఉంటే, రైతుకు ముందే తెలిసిన పనిని తన ఎగవేతకు వాడుకోవడమే.

ఎనిమిది దేశాలు కలిసి అడిగితే, అడుసు లేకుండా రాతిగోడ కట్టే విద్యను 2018లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఇటలీ ఒకటి. జాబితా మంచిదే, కానీ ఈ విద్య కాగితం మీద నిలవదు. త్రుల్లారోలు తగ్గిపోయి, కప్పు మరమ్మతుకు సిమెంటు పూసిన ఇళ్లూ ఉన్నాయి. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది, పలకలను ఒకదానికొకటి అంటించి మళ్లీ విప్పనీయదు. రెండు పొరల తెలివి మొత్తం ఒక్క పూతతో పోతుంది.

ఎప్పుడైనా అటు వెళ్తే రియోనే మోంతిలో దుకాణాల వీధి చూసి ఆగిపోకండి. జనం ఇంకా కాపురముంటున్న ఆయా పిక్కోలాలో నడవండి. ఆ తర్వాత ఊరు దాటి పొలాల్లోకి వెళ్లి, సగం కూలిన త్రుల్లో ఒకటి వెతకండి. కాందెలా, దాని వెనక పెచ్చులు, పైన క్యాంకరెల్లె, మూడూ కోసి చూపించినట్టు అక్కడే కనిపిస్తాయి. నేల మీద పడి ఉన్న పలకలను మాత్రం గుర్తుగా తెచ్చుకోకండి. బాగుచేయడానికి మేస్త్రి వచ్చినరోజు అతనికి మళ్లీ అవే కావాలి.